గడియ మీద చెయ్యి

నాకు కోపం వచ్చి నెల కావస్తోంది. ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేద్దామని కూర్చున్నాను. చల్లారాక రాస్తే నేను కూడా అందరిలాగే "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చి ఊరుకుంటానేమోనని భయం.

సిడ్నీలో మా తెలుగువాళ్ళకి ఒక పుస్తకాల వాట్సాప్ గ్రూపు ఉంది. దాని అడ్మిన్ ఒక కుర్రాడు. ఇక్కడికి యూనివర్సిటీ చదువుకి వచ్చి, పీఆర్ తెచ్చుకుని, పారమట్టాలో ఏదో ఆఫీసులో పనిచేస్తున్నాడు. మంచివాడే. కనిపిస్తే నమస్తే ఆంటీ అంటాడు, అడక్కుండానే చేతిలో బరువు అందుకుంటాడు. ఒకరోజు పొద్దున్నే పోస్టు పెట్టాడు: "ఈ వింటర్‌లో చదవాల్సిన కొత్త సాంఘిక, చారిత్రక నవలలు." ఒక్కో నవలకీ ఒక అట్ట బొమ్మ, కొన్ని నక్షత్రాలు, నాలుగు లైన్ల కథ. అన్నిటికీ అవే మాటలు. ప్రతి నవలా హృదయాన్ని హత్తుకునేదే, ప్రతి నవలా చేతిలోంచి దించలేనిదే. ఆఖర్న "ఎండింగ్ (స్పాయిలర్)" అని ఒక గడి. ఏం జరుగుతుందో అందులో రాసి, పక్కన నవ్వు మొహమో ఏడుపు మొహమో అతికించాడు.

కాఫీ తాగుతూ కిందికి జరుపుకుంటూ పోతున్నాను. చారిత్రక నవలల దగ్గర ఒక పేరు కనపడి కప్పు బల్లమీద పెట్టేశాను. అది కొత్త నవల కాదు. చాలా పాతది. ఎవరో చిన్న ప్రచురణకర్త వెతికి పట్టుకుని మళ్ళీ అచ్చువేశాడట. ఆ నవల చివర ఏమవుతుందో తెలుసుకోవాలని నేను నలభై ఏళ్ళ పైన ఎదురుచూశాను. మా అమ్మ ఎదురుచూసి ఎదురుచూసి, తెలియకుండానే పోయింది. అదేదో ఆ కుర్రాడు గడిలో ఒక్క వాక్యం రాసి పడేశాడు. కళ్ళు మూసుకునేలోపే చదివేశాను.

ఇంత చిన్నదానికి అంత కోపమా అని మా పిల్లలు కూడా అన్నారు, ఇంగ్లీషులో. చిన్నదో పెద్దదో మీరే చూడండి.

మేము వచ్చినప్పుడు సిడ్నీలో మా పేట టూంగాబీ ఇప్పటిలా ఉండేది కాదు. ఇప్పుడు స్టేషన్ దిగితే అల్లం టీ వాసన, మిరపకాయ బజ్జీల వాసన. అప్పుడు కోసిన గడ్డి వాసన, ఎండకి మాడిన యూకలిప్టస్ ఆకుల వాసన, పక్కింటి బార్బీ పొయ్యి మీద కాలే మాంసం వాసన. మాది సన్నటి సిమెంటు రేకుల గోడల ఇల్లు. డిసెంబరు వచ్చిందంటే గోడ మీద చెయ్యి వేయలేకపోయేవాళ్ళం. మా అమ్మ ఆస్పత్రిలో డాక్టరు, ఎమర్జెన్సీలో డ్యూటీలు. తెలుగు కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. ఎవరి పెరట్లోనైనా కరివేపాకు మొక్క బతికి బట్టకట్టిందంటే ఆ ఇంటావిడకి కలెక్టరంత గౌరవం.

శనివారం మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో అందరం చేరేవాళ్ళం. మగవాళ్ళు వెనక పెరట్లో బార్బీ చుట్టూ నిలబడి, పసుపూ కారం పట్టించిన చికెన్ తిప్పుతూ క్రికెట్టూ ఇళ్ళ ధరలూ మాట్లాడుకునేవారు. ఆడవాళ్ళు భోజనాలయ్యాక ముందు గదిలో చాపలు పరుచుకుని కూర్చునేవారు. అక్కడ జరిగేది నవలల బజారు.

నవలలంటే దుకాణంలో కొన్న పుస్తకాలు అనుకునేరు. మన దేశం నుంచి ఎవరొచ్చినా పెట్టె అడుగున వారపత్రికల కట్ట ఉండేది. అందులో సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేవారు. కథ మంచి పట్టులో ఉండగా పేజీ తిప్పితే తలనూనె ప్రకటన. హీరో తల్లి కళ్ళు మూయబోతుంటే పక్కనే "ఈ వారం మీ రాశికి ధనలాభం." పెట్టెలో పచ్చళ్ళ పక్కన ప్రయాణం చేసినవి కదా, పేజీ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆవకాయ వాసన వచ్చేది. ఇప్పటికీ నాకు తెలుగు అక్షరం చూస్తే ఆవపిండి ఘాటు గుర్తొస్తుంది.

ఆ బజారుకి ఒక చట్టం ఉండేది. నవల చదివినావిడే దాని గురించి చెప్పాలి. చదవకుండా, విని చెప్పడానికి వీల్లేదు. కథ మొదలుపెట్టి, సగం దాటించి, ఒకచోట ఆపేయాలి. ఎక్కడ ఆపాలో ఆవిడ ఇష్టం. ఆపిన వెంటనే ముందుగా "నాకివ్వు" అన్నవాళ్ళకి పుస్తకం. వాళ్ళు పూర్తిచేసేదాకా ఇంకెవరూ దాని అట్ట కూడా తిప్పకూడదు. చివర చెప్పేసినవాళ్ళకి శిక్ష: వచ్చే శనివారం అందరికీ సున్నుండలు చేసుకురావాలి. మినప్పప్పు కోసం ఊరు దాటి వెళ్ళాల్సిన రోజులవి.

మా నాన్న ఒకసారి చికెన్ పళ్ళెం పట్టుకుని ఆ గదిలోంచి వెళ్తూ, "చివరికి వాణ్ణే చేసుకుంటుందిలెండి, అన్నిట్లోనూ అంతేగా," అన్నారు. తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆయన ఆ నవల చదవలేదు, కానీ చివర మాత్రం అదే. మరుసటి శనివారం ఆయన చేతే మినప్పప్పు వేయించి, పొడి కొట్టించి, ఉండలు కట్టించారు. క్రికెట్ బంతుల్లా వచ్చాయి. అందరూ పళ్ళు పట్టుకుని తిన్నారు. శిక్ష శిక్షే.

ఆ గదిలో రెండు పార్టీలు ఉండేవి. ఒక పార్టీకి పెద్ద, గోదావరి వైపు ఆవిడ. ఆవిడకి సాంఘిక నవలలే కావాలి. నేను మనసులో ఆవిడకి సాంఘికం ఆంటీ అని పేరు పెట్టుకున్నాను. రెండో పార్టీకి పెద్ద వరంగల్ ఆవిడ. కోటలు, యుద్ధాలు, రాజులు లేకపోతే ఆవిడకి నవలే కాదు. చారిత్రకం ఆంటీ. ఇద్దరికీ పడేది కాదు, ఒకరు లేకపోతే ఇంకొకరికి తోచేదీ కాదు.

"మీ నవలల్లో గుర్రాలు తప్ప ఎవరూ సరిగ్గా మాట్లాడరండీ," అనేది సాంఘికం ఆంటీ.

"మీ నవలలల్ల ఏమున్నది? పిల్ల టైపిస్టు. పిలగానికి కారు. నడుమల వాన. వాన వెలిసేవరకు కథ ఒడిసె," అనేది చారిత్రకం ఆంటీ.

ఇప్పుడు మా గ్రూపులో అందరూ అన్నిటికీ బొటనవేలు ఎత్తుతారు. ఒక నవల కోసం ఇంకొకరితో దెబ్బలాడేవాళ్ళు ఒక్కరు కనపడరు. నాకు దాంతో కూడా ఒళ్ళు మండుతోంది.

అసలు సంగతికి వస్తాను. ఆ ఏడు బడి సెలవలు మొదలైన శనివారం చారిత్రకం ఆంటీ ఒక నవల తెచ్చింది. అప్పుడే దేశం వెళ్ళి వచ్చింది. చేతిలో స్టీలు గ్లాసుతో మజ్జిగ పట్టుకుని, గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని మొదలుపెట్టింది. నాకు పదేళ్ళు ఉంటాయేమో. తెలుగు వింటే అర్థమయ్యేది, మాట్లాడితే వంకర పోయేది, అక్షరం ముక్క రాదు. చాప చివర పడుకుని వినేదాన్ని.

"గుట్ట మీద కోట. శత్రువులు చుట్టుముట్టి నెలలైతున్నది. కోటకు పెద్ద దర్వాజ గాక వెనకకెల్లి చిన్న దిడ్డి తలుపున్నది. దాని కావలాయనకు జ్వరమొచ్చి మంచం పట్టిండు. కొడుకు మందాకు కోసం కోట దిగి పోయిండు. ఇగ బిడ్డనే కావలి నిలవడ్డది. తలుపు తియ్యొద్దని రాజాజ్ఞ. తీస్తె ఊరు మొత్తం పోతది."

అలా మొదలై గంటసేపు సాగింది. గుర్రాలు, ఆకలి, కోటలో నీళ్ళ బావి అడుగంటడం, తండ్రి కలవరింతలు. మజ్జిగ గ్లాసు తాగకుండా అలాగే చేతిలో ఉంది. ఆఖరికి తెల్లవారుతుంటే మంచు కమ్ముకుంది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. తలుపు అవతల తమ్ముడి గొంతు. "అక్కా, దెబ్బ తగిలింది. తలుపు తియ్యవే." వాడి వెనక ఇంకెవరివో అడుగులు వినపడుతున్నాయి. మంచులో ఎవరో తెలియదు. వాడి వెంట వచ్చిన మనవాళ్ళో, వాడి మెడ మీద కత్తి పెట్టిన శత్రువులో.

"పిల్ల గడియ మీద చెయ్యి పెట్టింది," అంది చారిత్రకం ఆంటీ. మజ్జిగ గటగటా తాగేసి గ్లాసు కింద పెట్టింది.

అందరికంటే ముందు నేను అరిచాను. "నాకివ్వండి!"

ఘొల్లున నవ్వారు. సాంఘికం ఆంటీ, "నువ్వేం చదువుతావే, అ ఆ లు వచ్చా నీకు?" అంది. మా అమ్మ కూడా చెయ్యి చాపబోతూ ఆగిపోయింది. చారిత్రకం ఆంటీ మాత్రం నవ్వలేదు. "ఎవరు ముందుగాల అడిగితె వాళ్ళదే. చట్టం చట్టమే," అని ఆ కుట్టుపుస్తకం నా ఒళ్ళో పెట్టింది. పెట్టి ఇంకో మాట అంది. "ఎవ్వరు చదివి వినిపియ్యొద్దు. తనే చదవాలె."

అలా సిడ్నీలో ఉన్న తెలుగు ఆడవాళ్ళందరూ, ఒక పిల్ల గడియ తీసిందో లేదో తెలుసుకోవడానికి, తెలుగు చదవడం రాని నా మీద ఆధారపడ్డారు.

ఆ సెలవలు మా ఇంట్లో జరిగింది చదువు కాదు, పోలీసు డ్యూటీ. అమ్మ ఆస్పత్రి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, వంటింటి బల్ల మీద కాగితం పరిచి గుణింతాలు రాయించేది. "కానీ. ఇంకో పేజీ కానీ," అనేది. నా కోసం కాదు, ఆమెకి ఆత్రం. పుస్తకం నా బడిపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని తిరిగేదాన్ని. నేను స్నానానికి వెళ్తే అమ్మ ఆ పెట్టె వైపు ఎలా చూసేదో నాకు తెలుసు. అయినా ముట్టుకోలేదు. మా నాన్న, "డాక్టరమ్మకి ఇంట్లో దొంగతనం చేయడానికి కూడా ధైర్యం లేదే," అని ఏడిపించేవారు.

మొదట నాకు పట్టుబడింది కథ కాదు, వెనకవైపున్న ప్రకటనలు. అక్షరాలు పెద్దవి కదా. "జుట్టు రాలుతోందా?" అన్నది నేను జీవితంలో చదివిన మొదటి తెలుగు వాక్యం. నేల మీంచి ఎత్తి కట్టిన మా ఇంటి కింద, స్తంభాల మధ్య చల్లగా ఉండే చోట గోనెసంచి పరుచుకుని, ఈగలు తోలుకుంటూ, వేలు పెట్టి చదువుకునేదాన్ని. బయట కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా అరిచేవి. ఒత్తులు వచ్చినచోట ఏడుపు వచ్చేది.

శనివారం వస్తే భయం. "ఎందాకా వచ్చావే?" "బావి ఎండిపోయిందా?" "ఇంకా గుర్రాల దగ్గరే ఉందిట, దీనికి పెళ్ళయ్యేనాటికి అవుతుంది." ఒకావిడ నాకు పకోడీలు ఎక్కువ పెట్టి, చెవిలో "చివరి పేజీ ఒక్కటి చూసి చెప్పవే, ఎవరికీ చెప్పన్లే," అంది. పకోడీలు తిన్నాను, పేజీ చూపించలేదు.

కానీ నాకు ఓపిక అయిపోయింది. ఒకరోజు చేతిరుమాలు ఫోన్ మీద కప్పి, గొంతు లావు చేసుకుని చారిత్రకం ఆంటీకి ఫోన్ చేశాను.

"ఏమండీ, నేను సాంఘికం... కాదు, నేను గోదావరి ఆవిడని. ఆ నవల చివర ఏమైంది?"

"గొంతు గట్లున్నదేంది? మిరియాల చారు తాగుండ్రి," అంది ఆంటీ. "డాక్టరమ్మ బిడ్డకు కూడ పొయ్యుండ్రి. అది సదువు ఆపి ఫోన్లు చేస్తున్నదట." టక్కున పెట్టేసింది.

బడి తెరిచే ముందు ఒక మధ్యాహ్నం చివరి పేజీకి చేరాను. మంచు. తమ్ముడి గొంతు. వెనక అడుగులు. "ఆమె గడియ మీద చెయ్యి వేసింది." దాని కింద ఒకే ఒక్క మాట. కూడబలుక్కుని చదివాను. స-శే-షం. పేజీ తిప్పాను. క్యాలెండరు అట్ట. దేవుడి బొమ్మ.

అమ్మ డ్యూటీ నుంచి వచ్చి మంచినీళ్ళు తాగుతోంది. "అమ్మా, సశేషం అంటే ఏంటి?" అన్నాను. అమ్మ గ్లాసు పెట్టేసి పుస్తకం లాక్కుంది. చివరి పేజీ చూసింది. అట్ట విప్పి చూసింది. పురికొస దగ్గర చింపిన పేజీలేమైనా ఉన్నాయేమోనని వేలితో తడిమింది. "అంటే ఇంకా ఉందని," అంది.

"ఎక్కడుంది?"

అమ్మ పుస్తకం తలకిందులు చేసి విదిలించింది. నాకు ఆరోజు వచ్చిన ఏడుపు ఏడుపు కాదు, కోపం. వేసవి మొత్తం ఇంటి కింద కూర్చుని, ఒత్తులతో కుస్తీ పట్టి, ఫ్రెండ్స్‌తో ఈతకి కూడా వెళ్ళకుండా చదివితే, ఇదా?

శనివారం ఆ గదిలో అందరి ముందూ పుస్తకం చారిత్రకం ఆంటీ ముందు పడేశాను. "ఎండింగే లేదు! మీరు చదవలేదు! చదవకుండా చెప్పకూడదని చట్టం!" నాకు తెలిసిన తెలుగంతా వాడేశాను. మా అమ్మ నన్ను ఆపలేదు.

ఆంటీ ముఖం చిన్నబోయింది. "ఉన్నంత వరకు చదివిన బిడ్డా," అంది. "చివరి నాలుగైదు వారాల పత్రికలు నేను బయలెల్లే రోజే వచ్చినయి. ఇక్కడికొచ్చి తీరుబాటుగ చదువుకుందామనుకున్న. మా అత్తమ్మకు తెల్వక, వాటి కాయితాలు చింపి ఆవకాయ సీసకు చుట్టింది. పెట్టెల సీస పలిగింది. ఎయిర్‌పోర్ట్‌ల పెట్టెలు చూసే ఆయన చేతులకు గ్లౌజులేస్కొని, సీస, నూనె, కాయితాలు అన్ని కలిపి డబ్బల పడేసిండు. పచ్చడి పోతె పోనియ్, కాయితాలియ్యిమని ఎంత బతిమిలాడిన. 'కంటామినేటెడ్, లవ్' అన్నడు, మనం 'అమ్మా' అన్నట్టు."

"మరి మాకెందుకు చెప్పారు?" అని అరిచాను.

"నేనొక్కదాన్నె ఎట్ల ఉండాలె? గా పిల్ల గడియ మీద చెయ్యి పెట్టి నిలవడ్డది. నాకు బువ్వ తినబుద్ధి కాలే. పది మందికి చెప్తె పది మంది ఆలోచిస్తరనుకున్న."

సాంఘికం ఆంటీ పుస్తకం అందుకుని చివరి పేజీ చూసింది. అప్పుడు, "తీస్తుందండీ," అంది. "తోడబుట్టినవాడు తలుపు కొడుతుంటే తీయకుండా ఎలా ఉంటుంది?" చారిత్రక నవల గురించి ఆవిడ వెక్కిరించకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

"తీయదు," అంది మా అమ్మ. "లోపల ఊరంతా ఉంది. ఒక్కడి కోసం తలుపు తీస్తే మిగతావాళ్ళ గతేంటి?"

అప్పుడు మొదలైన వాదన ఏళ్ళ తరబడి సాగింది. ఎవరింటికి వెళ్ళినా అదే. బియ్యం కడుగుతూ, కార్లో కూర్చుని, సీమంతాల్లో, పిల్లల పుట్టినరోజుల్లో. మగవాళ్ళు కూడా బార్బీ పటకారు పట్టుకునే వచ్చి తలదూర్చేవారు. నాన్నయితే, గోడ మీంచి తాడు వేసి వాణ్ణి లాగొచ్చు కదా అనేవారు. ఇంజనీరు కదా. దేశం వెళ్ళే ప్రతివాళ్ళకీ ఆ పత్రిక పాత సంచికల కోసం చీటీ ఇచ్చేవాళ్ళం. పత్రిక మూతపడిందన్నారు. నవల పుస్తకంగా రాలేదన్నారు. నేను కాలేజీ రోజుల్లో వెళ్ళినప్పుడు అద్దెకి నవలలిచ్చే దుకాణాలన్నీ తిరిగాను. కొన్నిచోట్ల అప్పటికే ఎస్టీడీ బూత్ బోర్డులు వేలాడుతున్నాయి.

మధ్యలో మా మామయ్య పోయాడు. అమ్మకి ఒక్కడే తమ్ముడు. జబ్బుగా ఉందని కబురు వచ్చినప్పుడు అమ్మ ఆస్పత్రిలో డ్యూటీకి మనుషులు లేరు, సెలవు దొరకలేదు. వారం ఆగి వెళ్దామనుకుంది. వారం ఆగలేదు అతను. ఆ తర్వాత ఎవరైనా గడియ మాట ఎత్తితే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. తీయదు అని మాత్రం ఇంకెప్పుడూ అనలేదు.

మూడేళ్ళ కిందట అమ్మకి బాగా జబ్బు చేసింది. తను పనిచేసిన ఆస్పత్రిలోనే మంచం మీద. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "ఆ పిల్ల ఏం చేసిందంటావే?" అంది. ఏ పిల్ల అని నేను అడగలేదు. "తెలీదమ్మా," అన్నాను. "కనుక్కుని చెప్పు," అంది. నేను కనుక్కోలేకపోయాను.

ఇప్పుడర్థమైందా ఆ గడి చూసి నాకు ఎలా ఉండి ఉంటుందో? చదివిన వెంటనే లేచి అమ్మ ఫోటో ముందుకి వెళ్ళాను. ఏం చెయ్యాలి మరి? కనుక్కుని చెప్పమంది కదా. ఆ కుర్రాడి వాక్యం ఫోటోకి చదివి వినిపించాను. గట్టిగా, ఏడుస్తూ. వెంటనే పుస్తకం కోసం హైదరాబాదుకి డబ్బు పంపి, ఆ శనివారం పారమట్టాలో గ్రూపు కలిసే చోటికి వెళ్ళాను.

"బాబూ, చివర ఎందుకు రాశావు?"

"చివర తెలియొద్దనుకునేవాళ్ళు చూడకుండా స్పాయిలర్ అని పెట్టాను కదా ఆంటీ."

"ఆ మాట, ఆ వాక్యం ఒకే లైన్లో ఉన్నాయి. కన్ను ఒక మాట చదివి ఆగుతుందా?"

"జనాలకి టైమ్ లేదాంటీ. ఎండింగ్ సాడ్ అని ముందే తెలిస్తే స్కిప్ చేస్తారు. వాళ్ళ మూడ్ పాడవకూడదు కదా."

"నీకెలా ఉంది ఆ నవల?"

చుట్టూ చూశాడు. "ఇంకా స్టార్ట్ చేయలేదాంటీ. టు రీడ్‌లో పెట్టుకున్నా."

"ఎన్ని చదివావు ఆ పోస్టులో ఉన్నవి?"

"అవి జస్ట్ రికమండేషన్స్ ఆంటీ," అన్నాడు. నిజంగానే ఏం తప్పు చేశాడో అతనికి తెలియలేదు. అదే నన్ను ఇంకా మండించింది. చదవకుండా చెప్పకూడదని పదేళ్ళ పిల్లకి తెలిసిన చట్టం!

పుస్తకం వచ్చింది. కొత్త అట్ట, కొత్త కాగితం, ఆవకాయ వాసన లేదు. నాకు తెలిసిన చోటు దాకా ఒక పూట పట్టింది. మంచు. గొంతు. అడుగులు. గడియ మీద చెయ్యి. సశేషం లేదు. పేజీ తిప్పితే ఇంకో పేజీ ఉంది. చివరిదాకా చదివాను.

ఆ కుర్రాడు రాసింది తప్పు.

మొత్తం తప్పు. అలా జరగనే జరగదు. చచ్చిపోయిన మా అమ్మకి, ఆమె ఆఖరిసారి అడిగిన ప్రశ్నకి, వాడు నా చేత అబద్ధం చెప్పించాడు. ఫోన్ తీశాను.

"ఓహ్, రియల్లీ ఆంటీ? ఏఐ అలా ఇచ్చింది. పర్లేదు, ఎడిట్ చేసేస్తా. కరెక్ట్ ఎండింగ్ ఏంటో ఒక లైన్లో వాట్సాప్ చేయండి."

ఒక లైన్లో! "ముందు సున్నుండలు చేసుకురా," అని పెట్టేశాను. పాపం ఏమనుకున్నాడో.

మళ్ళీ ఫోటో ముందు నిలబడ్డాను. ఈసారి వాక్యం కాదు, ఆఖరి అధ్యాయాలన్నీ చదివాను. తర్వాత పుస్తకం సంచిలో పెట్టుకుని చారిత్రకం ఆంటీ ఇంటికి నడిచాను. టూంగాబీలోనే, కొడుకు దగ్గర ఉంటుంది. ఎనభై దాటాయి. చూపు దాదాపు పోయింది. మా పాత రేకుల ఇళ్ళు ఉన్నచోట వరసగా రెండంతస్తుల జంట ఇళ్ళు లేచాయి. ఆమె గది కింద భాగంలో, కిటికీ పక్కన.

"ఆంటీ, దొరికింది," అన్నాను. ఏమిటని ఆమె కూడా అడగలేదు. లేచి కూర్చుని కాళ్ళు చాపుకుంది.

చదివాను. నేను చదవడం నేర్చుకున్నది ఆమె వల్లే, ఆమెకే చదివాను. చివరి వాక్యం అయ్యాక చెయ్యి చాపి పుస్తకం అట్ట తడిమింది. తర్వాత కోపంగా, "గిదా?" అంది. మళ్ళీ కాసేపటికి, "మల్లొకసారి చదువు," అంది. మళ్ళీ చదివాను. ఈసారి తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది.

"గోదావరి ఆమెకు చెప్పరాదు?"

"ఆంటీ, ఆవిడ పోయి చాలా ఏళ్ళైంది."

"అవ్ గద." పక్కన చాప ఉన్నట్టే మంచం మీద చేత్తో తడిమింది. "మీ అమ్మకు?"

"ఫోటోకి చదివానాంటీ."

"ఫోటోకు చదివితె అయిపాయెనా?" గొంతు పెరిగింది. "మూడేండ్లు. ఇంకొక్క మూడేండ్లు ఆగలేకపాయె నీ తల్లి." ఎవరి మీద కోపమో ఆమెకీ తెలియదు. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ కుర్రాడి సంగతి చెప్పాను, ఒక లైన్లో పంపమన్నాడని, అందరికీ పెడతాడని. తప్పు రాసినదాన్ని అలా వదిలేయడమా, సరైనది చెప్పడమా, నాకు తోచడం లేదని చెప్పాను.

ఆంటీ నా వైపు తిరిగింది. కనపడకపోయినా సూటిగా చూసింది.

"ఎవ్వరికి చెప్పకు. మీ అమ్మకు దొరకంది ఇంకొకలకు ఉత్తగ ఎందుకియ్యాలె?"

అందుకే ఇక్కడ ఆపుతున్నాను. నవల పేరు కూడా చెప్పను. చెబితే మీరు ఇప్పుడే ఫోన్ తీసి వెతుకుతారు, అది మీకు ఏదో ఒక అబద్ధం చెబుతుంది. నిజంగా కావాలనుకుంటే ఒక శనివారం మా ఇంటికి రండి. చాప వేస్తాను, మజ్జిగ ఇస్తాను, గంటసేపు కథ చెబుతాను. తెల్లవారుతుంటుంది. మంచు కమ్ముకుంటుంది. తలుపు అవతల తమ్ముడు పిలుస్తుంటాడు, వాడి వెనక అడుగులు వినపడుతుంటాయి. ఆ పిల్ల గడియ మీద చెయ్యి పెడుతుంది. అప్పుడు మీలో ఎవరు ముందు "నాకివ్వు" అంటారో చూస్తాను.